భాగస్వామి సైన్యానికి శిక్షణ: నమ్మకం ఎక్కడ తెగిపోతుంది?

సంక్షిప్తంగా: తిరుగుబాటు సాగుతున్న దేశంలో స్థానిక సైన్యానికి విదేశీ సేనలు తర్ఫీదు ఇవ్వడం, క్రమంగా బాధ్యత అప్పగించి వెళ్లిపోవడం అరవై ఏళ్లకు పైగా అమల్లో ఉన్న పద్ధతి. దక్షిణ వియత్నాం, ఇరాక్, అఫ్గానిస్థాన్‌లలో అది కుప్పకూలిన తీరును పరిశీలిస్తే, లోపం తుపాకీ పట్టడం నేర్పడంలో కన్నా మరో మూడు చోట్ల ఎక్కువగా కనిపిస్తుంది. ఒకటి, సైనికుడికి జీతం, తిండి, మందుగుండు చేర్చే వ్యవస్థ. రెండు, సొంత సైన్యాన్ని చూసి భయపడే పాలకులు. మూడు, తాను తయారుచేసిన సేనను పూర్తిగా నమ్మలేక, వదులుకోనూ లేక సతమతమయ్యే దాత దేశం.

తొమ్మిది రోజుల్లో ఏం జరిగింది?

2021 ఆగస్టు 6న అఫ్గానిస్థాన్ నైరుతి మూలన ఉన్న నిమ్రోజ్ రాష్ట్ర రాజధాని జరంజ్ తాలిబన్ చేతికి చిక్కింది. ఆగస్టు 15న కాబూల్ పడిపోయింది. అమెరికా ఇరవై ఏళ్ల పాటు ఎనిమిది వేల కోట్ల డాలర్లకు పైగా ఖర్చుపెట్టి నిర్మించిన సైన్యం, పోలీసు దళాలు ఆ తొమ్మిది రోజుల్లో కనిపించకుండా పోయాయి. కాగితం మీద వాటి బలం సుమారు మూడు లక్షలు.

దీనికి వెంటనే వినిపించిన వివరణ ఒక్కటే: అఫ్గాన్లకు పోరాడే తెగువ లేదు. అప్పటి అమెరికా అధ్యక్షుడు జో బైడెన్ ఆగస్టు 16 ప్రసంగంలోనూ దాదాపు ఇదే అన్నారు. తమ కోసం తామే పోరాడని వారి తరఫున అమెరికన్లు ప్రాణాలు ఇవ్వనక్కర్లేదన్నది ఆ మాటల సారం. కానీ 2019 జనవరిలో అప్పటి అఫ్గాన్ అధ్యక్షుడు అష్రఫ్ ఘనీ దావోస్‌లో చెప్పిన లెక్క ఈ వాదనను నిలవనివ్వదు. 2014 సెప్టెంబరులో తాను అధ్యక్షుడైనప్పటి నుంచి 45,000 మందికి పైగా అఫ్గాన్ భద్రతా సిబ్బంది మరణించారని ఆయన వెల్లడించారు. అదే కాలంలో చనిపోయిన విదేశీ సైనికులు వందలోపే. నాలుగున్నర ఏళ్ల లోపు అంతమందిని పోగొట్టుకున్న దళాలకు పిరికితనం అంటగట్టడం వాస్తవాలకు తగదు, మరణించినవారికి న్యాయమూ కాదు.

కాబట్టి ప్రశ్నను మార్చుకోవాలి. అన్నేళ్లు చావుకు ఎదురొడ్డిన సైనికుడు ఒక వేసవిలో తుపాకీ ఎందుకు దించాడు? దీనికి సమాధానం శిక్షణ మైదానంలో దొరకదు. ఆ సైనికుడు ఎవరెవరిని నమ్మాలో, వారిలో ఎవరు ఎప్పుడు అతని చెయ్యి వదిలారో చూడాలి.

పక్కనున్న తుపాకీ

నమ్మకం గురించి మాట్లాడగానే ముందు గుర్తొచ్చేది శిక్షణ పొందుతున్నవాడే శిక్షకుణ్ని కాల్చిన ఘటనలు. అఫ్గానిస్థాన్‌లో ఇవి 2012లో శిఖరానికి చేరాయి. ఆ ఒక్క ఏడాదిలో సుమారు 60 మంది నాటో కూటమి సైనికులు అఫ్గాన్ యూనిఫాంలో ఉన్నవారి చేతుల్లో మరణించారు. అంటే కూటమి మరణాల్లో ఏడింట ఒకటి. జనవరి 20న కాపీసా రాష్ట్రంలోని స్థావరంలో, నిరాయుధంగా వ్యాయామం చేస్తున్న ఫ్రెంచ్ సైనికులపై ఒక అఫ్గాన్ సైనికుడు కాల్పులు జరపగా నలుగురు అక్కడికక్కడే చనిపోయారు. ఫ్రాన్స్ వెంటనే శిక్షణ ఆపేసి, తన సేనల ఉపసంహరణను ముందుకు జరిపింది. అమెరికా సేనలున్న బాగ్రామ్ స్థావరంలో ఖురాన్ ప్రతులు తగలబెట్టారన్న ఆగ్రహం దేశమంతా రగులుతుండగా, ఫిబ్రవరిలో ఇద్దరు అమెరికా అధికారులు కాబూల్‌లో హోం మంత్రిత్వ శాఖ కార్యాలయంలోనే హతమయ్యారు. ఆ రోజే నాటో తన సలహాదారులందరినీ కాబూల్ మంత్రిత్వ శాఖల నుంచి వెనక్కి పిలిపించింది.

కాల్చినవారు తాలిబన్ పంపిన మనుషులేనా? కొందరు మాత్రమే. చొరబాటుకు, బెదిరింపుకు ముడిపడిన ఘటనలు సుమారు పాతిక శాతమని 2012 ఆగస్టులో కూటమి కమాండర్ జాన్ అలెన్ అంచనా వేశారు. అంతకుముందు కూటమి చెబుతూ వచ్చింది పది శాతమే. మిగతావాటి వెనుక వ్యక్తిగత పగలు, అవమానాలు, తగాదాలు ఉన్నాయి. వాటి స్వరూపాన్ని 2011లో అమెరికా సైన్యం కోసం జరిగిన ఒక అధ్యయనం నమోదు చేసింది. అర్ధరాత్రి ఇళ్లలో సోదాలు, ఆడవాళ్ల గదుల్లోకి చొరబడడం, బూతులు, పౌరుల మరణాలను తేలిగ్గా తీసుకోవడం అఫ్గాన్ సైనికులను రగిలించిన విషయాలు. మత్తుమందుల వాడకం, దొంగతనాలు, నిర్లక్ష్యం అమెరికన్ల ఫిర్యాదులు. రెండు జాబితాలనూ పక్కపక్కన పెట్టి చదివితే, తర్ఫీదు ఇచ్చేవారు, పొందేవారు ఒకే కంచె లోపల ఎంత దూరంగా బతికారో తెలుస్తుంది.

ఆత్మరక్షణకు నాటో తీసుకున్న చర్యలు సహేతుకమైనవే. అఫ్గాన్లతో సమావేశం జరుగుతున్నంతసేపూ తూటా నింపిన తుపాకీతో ఒక సైనికుడు పక్కన నిలబడి, గదిలోని అఫ్గాన్లనే కనిపెట్టుకుని ఉండాలన్న నియమం అందులో ఒకటి. నివాసాల మధ్య గోడలు లేచాయి. సెప్టెంబరులో, బెటాలియన్ (కొన్ని వందల మంది సైనికుల దళం) కన్నా కింది స్థాయిలో కలిసి గస్తీ తిరగాలంటే పైనుంచి ప్రత్యేక అనుమతి తప్పనిసరి చేశారు. ప్రాణాలు కాపాడే ఈ జాగ్రత్తలకు మరో ఫలితమూ ఉంది. సలహాదారు పని ముఖ్యంగా కబుర్లలో, కలిసి తాగే టీలో, గస్తీలో పక్కపక్కన నడవడంలో జరుగుతుంది. మాట కలిసే సందర్భాలు తగ్గితే, ఎవరు అసంతృప్తితో రగులుతున్నారో, ఎవరికి ఇంటి నుంచి బెదిరింపులు వస్తున్నాయో ముందుగా చెప్పేవారు ఉండరు. గోడ కట్టడం వల్ల ప్రమాదం కొంత తగ్గుతుంది, కానీ అది వస్తున్న జాడ కూడా కనిపించకుండా పోతుంది. అధునాతన తనిఖీలు వచ్చాక కూడా దాడులు ఆగలేదు. 2014 ఆగస్టులో కాబూల్ పక్కన కర్ఘా సైనిక విద్యాలయంలో అమెరికా మేజర్ జనరల్ హెరాల్డ్ గ్రీన్ ఒక అఫ్గాన్ సైనికుడి కాల్పుల్లో మరణించారు. 2018 అక్టోబరులో కాందహార్ పోలీసు అధిపతి అబ్దుల్ రాజిక్‌ను ఒక అంగరక్షకుడే చంపాడు. అమెరికా కమాండర్ స్కాట్ మిల్లర్ అక్కడే ఉండి, దెబ్బ తగలకుండా బయటపడ్డారు.

రాజిక్ మరణం మరో సంగతి గుర్తుచేస్తుంది. లోపలి నుంచి జరిగిన దాడుల్లో చనిపోయిన అఫ్గాన్లు విదేశీయుల కన్నా చాలా ఎక్కువ. పక్కవాడి తుపాకీ ఎటు తిరుగుతుందో తెలియని భయం శిక్షకులకు కొన్ని నెలల డ్యూటీ. అఫ్గాన్ సైనికుడికి అది ఉద్యోగం ఉన్నంతకాలమూ వెంటాడేది.

దొంగ మస్టర్లు, అట్టపెట్టెలో బంగాళాదుంపలు

కాల్పుల ఘటనలు పతాక శీర్షికలయ్యాయి. సైన్యాన్ని లోలోపల తొలిచేసింది మాత్రం జీతాల పట్టీ.

2009లో వార్దక్ రాష్ట్రంలో కొద్దిమంది పోలీసులకు జీతాన్ని నగదుగా కాకుండా మొబైల్ ఫోన్ ద్వారా నేరుగా పంపి చూశారు. తొలి నెల డబ్బు అందుకున్న కొందరు పోలీసులు జీతం దాదాపు మూడో వంతు పెరిగిందనుకున్నారు. పెరగలేదు. అంతకాలం పైవాళ్లు మింగుతున్న వాటా ఆ నెల వారికే చేరింది. ఒక కమాండర్ తన కిందివాళ్ల సిమ్ కార్డులు లాక్కుని, వాటితో తానే డబ్బు తీసుకోబోయాడు. జీతం సక్రమంగా చేరితే ఎవరికి లాభమో, ఎవరికి నష్టమో ఈ చిన్న ప్రయోగం స్పష్టం చేసింది. దేశమంతటికీ దాన్ని విస్తరించే పని ఏళ్ల తరబడి నత్తనడకన సాగింది.

చేరాల్సిన జీతం నుంచి కోత ఒక రకం దోపిడీ. లేని మనిషి పేర జీతం తీసుకోవడం రెండో రకం. 2014 నవంబరు 30న ఇరాక్ ప్రధాని హైదర్ అల్ అబాదీ పార్లమెంటుకు చెప్పిన ప్రకారం, నాలుగు డివిజన్లలోనే 50,000 దొంగ పేర్లు బయటపడ్డాయి. ఆ ఏడాది జూన్ 10న మోసుల్ నగరం ఇస్లామిక్ స్టేట్ (ఐఎస్) తీవ్రవాదుల చేతిలో ఎందుకంత సులువుగా పడిపోయిందో దీనితో కొంత అర్థమవుతుంది. రక్షణకు ఉన్నారనుకున్న వేలమందిలో చాలామంది అక్కడ లేనేలేరు. కాబూల్ పతనం తర్వాత మాజీ ఆర్థిక మంత్రి ఖాలిద్ పాయెందా ఇదే మాట అన్నారు. మూడు లక్షల బలగంలో అత్యధికులు లెక్కల్లో తప్ప నేల మీద లేరని, మరణించినవారి పేర్లు కూడా కొట్టేయకుండా వారి జీతం కమాండర్లు తీసుకున్నారని ఆయన చెప్పారు.

పర్యవేక్షణకు వేల మంది సలహాదారులున్నా ఇది ఎలా సాగింది? కాబూల్‌లోనూ వాషింగ్టన్‌లోనూ పురోగతిని కొలిచింది తల లెక్కతోనే. అఫ్గాన్ బలగాలకు 3,52,000 లక్ష్యం పెట్టుకున్నాక, ప్రతి మూడు నెలలకూ ఆ అంకెకు ఎంత దగ్గరయ్యామో నివేదించాలి. ఏటా సుమారు నాలుగో వంతు సిబ్బంది పారిపోవడమో, తిరిగి చేరకపోవడమో, చనిపోవడమో జరిగే సేనలో ఆ అంకెను నిజాయితీగా చేరుకోవడం దాదాపు అసాధ్యం. పేర్లు కొట్టేస్తే కమాండర్‌కు రాబడి పోతుంది. శిక్షకుడికి లక్ష్యం దూరమవుతుంది. ఇద్దరి అవసరమూ ఒకే తప్పు లెక్కలో కలిసింది. ఏడాదికో, ఇంకా తక్కువ కాలానికో వచ్చి వెళ్లే సలహాదారు తన హయాంలో బలగం తగ్గిందని రాసుకోవడానికి ఇష్టపడడు. అతని తర్వాత వచ్చేవాడు మళ్లీ మొదటి నుంచి పరిచయాలు చేసుకోవాలి.

దీని భారం చివరకు అవుట్‌పోస్టులో ఉన్నవాడి మీద పడింది. కాగితం మీద వందమంది ఉన్న చోట నలభైమంది ఉంటే, కాపలా మార్చుకునే మనిషి దొరకడు, సెలవు దొరకదు. 2021 వేసవిలో కాందహార్ అంచున పోరాడుతున్న పోలీసు దళానికి రోజు రేషన్‌గా ఒక అట్టపెట్టెడు కుళ్లుతున్న బంగాళాదుంపలు వచ్చాయని అక్కడికి వెళ్లిన విలేకరులు రాశారు. కొన్ని రోజులుగా వాటితోనే గడుపుతున్నారు. చాలా చోట్ల నెలల తరబడి జీతాలు లేవు. ఆ సమయంలో గ్రామ పెద్దలను వెంటబెట్టుకుని తాలిబన్ రాయబారం పంపింది: ఆయుధాలు అప్పగించండి, ప్రాణాలతో ఇంటికి వెళ్లండి. దారి ఖర్చులకు డబ్బు కూడా ఇచ్చింది. ఎన్నో పోస్టులు ఒక్క తూటా పేలకుండానే చేతులు మారాయి. లొంగిపోయినవారిని తప్పుపట్టే ముందు ఆ అట్టపెట్టెను చూడాలి.

ఎవరి అచ్చులో పోసిన సేన

శిక్షణ ఇచ్చే దేశం తనకు తెలిసిన సైన్యాన్నే మరోచోట నిర్మించాలనుకోవడం సహజం. 1950లలో అమెరికా సలహాదారులు దక్షిణ వియత్నాం సేనను కొరియా యుద్ధం నమూనాలో, ఉత్తరం నుంచి సరిహద్దు దాటి వచ్చే భారీ దండయాత్రను ఆపడానికి తయారుచేశారు. వచ్చింది పల్లెల్లో, వరిపొలాల్లో కలిసిపోయిన గెరిల్లా యుద్ధం.

అఫ్గానిస్థాన్‌లో ఇదే తప్పు యంత్రాల రూపంలో జరిగింది. 2009లో నాటో శిక్షణ విభాగం మొదలైనప్పుడు కొత్తగా చేరినవారిలో చదవడం, రాయడం వచ్చినవారు సుమారు 14 శాతమే. తుపాకీ మీద అంకె చదవలేనివాడు తన ఆయుధం ఏదో చెప్పలేడు, జీతం పట్టీలో ఏం రాశారో పోల్చుకోలేడు. అక్షరాస్యత తరగతులు పెట్టడం ఆ విభాగం చేసిన మంచి పనుల్లో ఒకటి. మరోవైపు అదే సేనకు నిర్వహణ క్లిష్టమైన పరికరాలు చేరుతూ వచ్చాయి. ఇటలీలో తయారైన 20 పాత రవాణా విమానాల కార్యక్రమానికి సుమారు 55 కోట్ల డాలర్లు వెచ్చించారు. విడిభాగాలు దొరక్క, ఎగరలేక, వాటిలో 16 విమానాలు 2014లో కాబూల్‌లో తుక్కు కింద వెళ్లిపోయాయి. అఫ్గాన్ మెకానిక్‌లకు దశాబ్దాలుగా అలవాటైన రష్యన్ ఎంఐ-17 హెలికాప్టర్లలో చాలా మరమ్మతులు వారే చేసుకునేవారు. 2017 నుంచి వాటి స్థానంలో వచ్చిన అమెరికన్ బ్లాక్ హాక్‌ల మరమ్మతు దాదాపు పూర్తిగా విదేశీ కాంట్రాక్టర్ల చేతిలో ఉండిపోయింది.

దుర్గమమైన కొండల్లో చెల్లాచెదురుగా ఉన్న వందలాది పోస్టులకు మందుగుండు చేరినా, గాయపడినవాడు ఆసుపత్రికి చేరినా ఆకాశమార్గానే. 2021లో సైనికులతో పాటు కాంట్రాక్టర్లూ వెళ్లిపోయారు. జూన్ 16న ఫర్యాబ్ రాష్ట్రం దౌలతాబాద్‌లో జరిగినది దాని పర్యవసానం. తాలిబన్ ఆక్రమించిన ఆ పట్టణాన్ని తిరిగి పట్టుకోవడానికి వెళ్లిన కమాండో దళం చుట్టుముట్టబడింది. రావాల్సిన అదనపు బలగం, విమాన సాయం రాలేదు. మందుగుండు అయిపోయింది. 20 మందికి పైగా కమాండోలు చనిపోయారు. దేశమంతా పేరున్న యువ అధికారి సొహ్రాబ్ అజీమీ వారిలో ఒకరు. ఈ కమాండోలకు శిక్షణలో ఏ లోటూ లేదు. అఫ్గాన్ సేనలో అందరికన్నా బాగా తర్ఫీదు పొందినవారు వారే. అత్యుత్తములకే అండ అందకపోతే తమకు ఏపాటి అందుతుందన్న లెక్క మిగతా పోస్టుల్లోని ప్రతి సైనికుడూ వేసుకున్నాడు.

ఇక్కడే అపనమ్మకం రెండో వైపునుంచి కూడా కనబడుతుంది. 2020 ఫిబ్రవరి 29న విదేశీ సేనల ఉపసంహరణకు దోహా ఒప్పందం అమెరికాకు, తాలిబన్‌కు మధ్య కుదిరింది. కాబూల్ ప్రభుత్వానికి ఆ బల్ల దగ్గర చోటు లేదు, అయినా 5,000 మంది తాలిబన్ ఖైదీలను విడిచిపెట్టాల్సిన భారం దానిమీదే పడింది. 2021 జులై మొదట్లో అమెరికన్లు బాగ్రామ్‌ను రాత్రివేళ ఖాళీ చేశారు. వారు వెళ్లిన గంటల తర్వాతే తనకు తెలిసిందని కొత్త అఫ్గాన్ కమాండర్ చెప్పారు. ఉపసంహరణ గురించి ముందే మాట్లాడుకున్నామని, కచ్చితమైన వేళ మాత్రం భద్రత కోసం చెప్పలేదని అమెరికా పక్షం వివరణ. ఇరవై ఏళ్లు కలిసి పోరాడినవారికి వెళ్లే వేళ చెప్పలేకపోవడం కన్నా పెద్ద అపనమ్మక ప్రకటన ఉండదు.

రాజధానికి సొంత సైన్యమే భయం

శిక్షకులు సాధారణంగా పట్టించుకోని సంగతి మరొకటుంది. బలమైన సైన్యం శిక్షకులకు లక్ష్యం. పాలకుడికి అది ప్రమాదం కూడా. 1960 నవంబరులో సొంత పారాట్రూపర్ల తిరుగుబాటు నుంచి తృటిలో బయటపడిన దక్షిణ వియత్నాం అధ్యక్షుడు ఎన్‌గో దిన్ జియెమ్, ఆ తర్వాత అధికారులను విధేయత చూసి నియమించారు. కమాండర్ల మధ్య సమాచారం అంత సులువుగా పారనివ్వలేదు. సైనికుల ప్రాణనష్టం ఎక్కువైతే పదోన్నతి ఉండదన్న సంకేతమూ ఇచ్చారు. ఆయన దృష్టిలో గెరిల్లాలతో పోరు కన్నా తన పదవికి కాపలా ముఖ్యం. 1963 జనవరి 2న మెకాంగ్ డెల్టాలోని అప్ బాక్ గ్రామం దగ్గర ఫలితం కనిపించింది. సుమారు 350 మంది గెరిల్లాలను వెయ్యిమందికి పైగా సైనికులు చుట్టుముట్టారు. సాయుధ శకటాల కదలిక ఆలస్యమైంది, ఎదురుదాడికి కమాండర్లు వెనకాడారు. ఐదు హెలికాప్టర్లు పోయాయి, ముగ్గురు అమెరికన్లు చనిపోయారు, గెరిల్లాలు చీకట్లో తప్పుకున్నారు. సలహాదారులు దీన్ని యుద్ధకౌశలంలో లోపంగా చూశారు. ఆ అధికారులు మాత్రం తమ పాలకుడు కోరినట్టే నడుచుకున్నారు. అదే ఏడాది నవంబరులో సైనిక కుట్రలో జియెమ్ హతమయ్యారు. ఆయన భయానికి ఆధారం ఉందనే చెప్పాలి.

ఇరాక్‌లో ప్రధాని నూరి అల్ మాలికీ కూడా 2011 చివర్లో అమెరికా సేనలు వెళ్లాక, అధికార క్రమాన్ని పక్కనపెట్టి డివిజన్లను తన కార్యాలయంతో నేరుగా నడిపించారు. వర్గ విధేయత, వ్యక్తిగత విధేయత పదవులకు అర్హతలయ్యాయి. మోసుల్ జనాభాలో అధికులైన సున్నీలకు ఆ సైన్యం తమను కాపాడేదిగా కాక, తమమీద పెట్టిన పహరాగా కనిపించింది. 2004 ఏప్రిల్‌లో ఫలూజా వైపు కదిలిన కొత్త ఇరాక్ సైన్యపు బెటాలియన్ ఒకటి సాటి ఇరాకీలతో పోరాడబోమని మధ్యదారిలో వెనుదిరిగింది. అప్పుడే వినపడాల్సిన హెచ్చరిక అది.

ఆఫ్రికాలో సహారా ఎడారికి దక్షిణాన ఉన్న సహెల్ ప్రాంతంలో ఆ భయం నిజమే అయింది. 2012లో మాలి ప్రభుత్వాన్ని కూలదోసిన కెప్టెన్ అమదౌ సనోగో అమెరికాలో శిక్షణ పొందినవాడు. 2013 నుంచి యూరోపియన్ యూనియన్ అదే దేశంలో బెటాలియన్ల తర్ఫీదు చేపట్టగా, 2020లో, మళ్లీ 2021లో సైనికాధికారులే పగ్గాలు లాక్కున్నారు. తర్ఫీదు ఒక్కటే కుట్రలకు కారణమనడం సరికాదు. బలహీనమైన కోర్టులు, పార్లమెంటు, మంత్రిత్వ శాఖల పక్కన ఒక్క సైన్యాన్నే బలపరిస్తే తూకం ఎటు మొగ్గుతుందన్నది మాత్రం ముందే ఆలోచించాల్సిన ప్రశ్న.

దాత చేతిలో కళ్లెం ఎందుకు ఉండదు?

డబ్బిచ్చేవాడి మాట చెల్లుతుందనుకుంటాం. తిరుగుబాటు యుద్ధాల్లో అది తరచూ తలకిందులవుతుంది. భాగస్వామి ఓడిపోతే దాతకూ ఓటమే. ఆ సంగతి భాగస్వామికి తెలుసు. సాయం ఆపేస్తామన్న బెదిరింపును అందుకే ఎవరూ పెద్దగా పట్టించుకోరు.

ఎల్ సాల్వడార్ దీనికి బాధాకరమైన ఉదాహరణ. 1980లలో వామపక్ష గెరిల్లాలతో పోరాడిన ఆ మధ్య అమెరికా దేశంలో అమెరికా సైనిక శిక్షకుల సంఖ్యకు 55 అన్న పరిమితి ఉండేది. ఆ పరిమితి వల్ల యుద్ధం సాల్వడార్ సైన్యానిదిగానే మిగిలిందని కొందరు విశ్లేషకులు మెచ్చుకుంటారు. కానీ అమెరికా శిక్షణతో తయారైన అట్లకాట్ల్ బెటాలియన్ 1981 డిసెంబరులో ఎల్ మొజోతెలో పిల్లలతో సహా వందల మంది గ్రామస్థులను చంపింది. అదే బెటాలియన్ సైనికులు 1989 నవంబరు 16న ఆరుగురు జెసూట్ (కేథలిక్ మత సంఘం) ఫాదర్లను, వారి వంటమనిషిని, ఆమె కూతుర్ని కాల్చి చంపారు. ఈ రెండు ఘాతుకాల మధ్య ఎనిమిదేళ్లలో సాయం ఆగలేదు. రెండోదాని తర్వాతే, సోవియట్ భయం తగ్గిన వేళ, అమెరికా కాంగ్రెస్ సైనిక సాయాన్ని సగానికి తగ్గించింది. 1992 జనవరిలో శాంతి ఒప్పందం కుదిరింది.

తీవ్ర మానవ హక్కుల ఉల్లంఘనలకు పాల్పడిన దళాలకు సాయం ఇవ్వకూడదన్న అమెరికా లేహీ చట్టం 1997లో వచ్చింది. అఫ్గానిస్థాన్‌లో అవసరం పేరుతో ఒక మినహాయింపు నిబంధనను వాడుకుని కొన్ని దళాలకు సాయం కొనసాగించారు. కొలమానం తప్పైతే ఏమవుతుందో కొలంబియా చూపింది. హతమైన గెరిల్లాల సంఖ్యనే విజయానికి గుర్తుగా తీసుకుని, సెలవులు, బహుమతులు దానికి ముడిపెట్టారు. 2002, 2008 మధ్య కనీసం 6,402 మంది అమాయకులను చంపి గెరిల్లాలుగా చూపించారని ఆ దేశపు ప్రత్యేక శాంతి న్యాయస్థానం 2021లో ప్రకటించింది. అదే కాలంలో ఆ సైన్యం వామపక్ష ఫార్క్ గెరిల్లాలను గట్టిగా దెబ్బతీసింది కూడా. సామర్థ్యం పెరిగితే నడత దానంతటదే బాగుపడదు.

నిలబడిన సేనలు

కొన్ని చోట్ల ఫలితం వేరుగా వచ్చింది. అన్నిటికన్నా ఆలోచింపజేసేది సోవియట్ అనుభవం. 1979 దండయాత్ర తర్వాత పారిపోయేవారితో అఫ్గాన్ సైన్యం సగానికి పైగా కరిగిపోయింది. 1989 ఫిబ్రవరి 15న సోవియట్ సేనలు వెళ్లిపోగానే, వాటి అండతో నడిచిన అఫ్గాన్ అధ్యక్షుడు నజీబుల్లా ప్రభుత్వం కొన్ని నెలల్లో కూలుతుందని చాలామంది భావించారు. కొద్ది వారాలకే జలాలాబాద్‌పై జరిగిన పెద్ద దాడిని అఫ్గాన్ సేన ఒంటరిగా తిప్పికొట్టింది. ఆ ప్రభుత్వం మూడేళ్లకు పైగా నిలిచింది. సోవియట్ దళాలు వెళ్లాయి కానీ విమానాల్లో గోధుమలు, ఇంధనం, మందుగుండు, డబ్బు వస్తూనే ఉన్నాయి. 1992 ఆరంభంలో అవి ఆగాయి. జీతాలు, సరఫరాల మీదే ఆధారపడి ఆ ప్రభుత్వం తరఫున పోరాడిన అబ్దుల్ రషీద్ దోస్తుమ్ సేన వైరిపక్షంలో చేరింది. ఏప్రిల్‌లో ప్రభుత్వం పడిపోయింది. దక్షిణ వియత్నాంలోనూ 1974లో అమెరికా కాంగ్రెస్ సాయం కోసేసిన మరుసటి ఏడాది ఏప్రిల్ 30న సైగాన్ పతనమైంది. ఏళ్ల తరబడి సాగిన యుద్ధంలో రెండు లక్షల మందికి పైగా సైనికులను పోగొట్టుకున్న సేన అది.

రెండో ఉదాహరణ వియత్నాంలోనే ఉంది. 1965 నుంచి అమెరికా మెరైన్లు సుమారు 14 మంది, ఒక వైద్య సహాయకుడు కలిసి ఒక్కో పల్లెలో స్థానిక రక్షక దళంతో నివాసం ఉన్నారు. ఒకే చోట తిండి, ఒకే గస్తీ. ఆ రక్షక దళం కాపాడుకునేది తన సొంత ఊరినే. ప్రమాదం ఇద్దరికీ సమానం కావడంతో నమ్మకం పెరిగింది. అయితే దేశమంతటికీ విస్తరించేంత మందిని పంపడానికి పై అధికారులు ఎన్నడూ సిద్ధపడలేదు.

మూడోది ఇరాక్ ఉగ్రవాద నిరోధక దళం. వర్గాల కోటా లేకుండా జాగ్రత్తగా ఎంపిక చేసి, మెరుగైన జీతం ఇచ్చి, ఏళ్ల తరబడి అవే అమెరికన్ ప్రత్యేక దళాలు వెన్నంటి ఉన్న ఈ చిన్న సేన 2014 పతనంలోనూ చెదరలేదు. 2017 జులైలో ముగిసిన మోసుల్ యుద్ధంలో ముందు నిలిచి, భారీ ప్రాణనష్టం భరించింది. చిన్న మేలైన దళాన్ని నిర్మించడం సాధ్యమేనని ఇది చెబుతుంది. కానీ మిగతా సైన్యం బలహీనంగా ఉంటే ప్రతి మంటకూ ఆ దళాన్నే పంపి అరగదీస్తారు. అఫ్గాన్ కమాండోల విషయంలో అదే జరిగింది.

ఇప్పుడు సొమాలియాలో

ఈ లక్షణాలన్నీ నేడు ఒకేచోట పరిశీలించదగిన దేశం సొమాలియా. ఇస్లామిక్ తీవ్రవాద సంస్థ అల్ షబాబ్‌తో పోరాడే సొమాలీ బలగాల్లో దనబ్ కమాండోలకు అమెరికా, గొర్గొర్ దళానికి తుర్కియే శిక్షణ ఇస్తున్నాయి. మరికొన్ని దళాలను యూరోపియన్ యూనియన్, బ్రిటన్ తయారుచేశాయి. ఒకప్పుడు యూఏఈ కూడా ఈ పని చేసింది. 2018లో మొగదిషు విమానాశ్రయంలో 96 లక్షల డాలర్ల నగదును సొమాలీ అధికారులు పట్టుకున్నాక తప్పుకుంది. ఒక్కో దాత ఒక్కో పద్ధతి నేర్పిన దళాలు ఒకే సైన్యంగా కలవడం కష్టం. 2021 ఏప్రిల్‌లో అధ్యక్షుడి పదవీకాలం పొడిగింపు వివాదంలో సైనికులు వంశాలవారీగా చీలి, రాజధాని వీధుల్లో ఒకరిపై ఒకరు కాల్పులు జరుపుకున్నారు.

అదే సొమాలియాలో మరో పాఠం కూడా అమలైంది. 2017 చివర్లో అమెరికా, తాను దగ్గరుండి నడిపించని సొమాలీ దళాలకు ఆహారం, ఇంధనం ఆపేసింది. సాయం ఎటు పోతోందో లెక్క తేలకపోవడమే కారణం. తర్వాతి ఏళ్లలో ప్రభుత్వం సైనికుల వేలిముద్రలు నమోదుచేసి, కమాండర్ల చేతుల మీదుగా కాకుండా నేరుగా బ్యాంకు ఖాతాలకు జీతాలు వేయడం మొదలుపెట్టింది. కొత్త ఆయుధాల కన్నా ఈ మార్పు సైనికుడి రోజువారీ జీవితానికి దగ్గరిది. ఆఫ్రికన్ యూనియన్ దళాలు 2007 నుంచి పేర్లు మార్చుకుంటూ అక్కడ కొనసాగుతున్నాయి. 2025 జనవరిలో మొదలైన తాజా మిషన్‌కు నిధుల కొరత పట్టి పీడిస్తోంది. అవి తగ్గుతున్న కొద్దీ ఖాళీ అయ్యే స్థావరాలు సొమాలీ సైనికుల చేతికి వస్తాయి. శిక్షణ పూర్తయిన బెటాలియన్ల సంఖ్యతో ఆ స్థావరాల భవిష్యత్తు తేలదు. మారుమూల పోస్టుకు రేషన్ లారీ ఏ మార్గాన చేరుతోందో, గాయపడినవాడిని ఎన్ని గంటల్లో బయటకు తెస్తున్నారో, జీతం ఏ తేదీన పడుతోందో, ఈ మూడింటి ఖర్చు దాతలు తప్పుకున్నాక ఎవరి బడ్జెట్‌లో ఉంటుందో చూడాలి.